థైరాయిడ్ పరీక్ష – అయస్కాంతపు పూసలు



ఈ రోజుల్లో నలుగురు ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే, చీరల సంగతీ పిల్లల చదువుల సంగతీ అయ్యాక తప్పకుండా వచ్చే మాట థైరాయిడ్. "నాకు ఆరుంది వదినా" అంటుంది ఒకావిడ. "నాకు పదకొండుంది, డాక్టరుగారు మాత్ర పెంచారు" అంటుంది ఇంకొకావిడ. ఇది ఉత్త కబుర్లు కాదు. హైదరాబాదుతో సహా మన దేశంలోని 8 నగరాల్లో జరిపిన ఒక సర్వే 2013లో అచ్చయింది. పెద్దవాళ్ళలో నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ మందకొడిగా ఉన్నట్టు అందులో తేలింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఇది ఎక్కువ.

పప్పు కొంటే తూకం చూసుకుంటాం. పాలు పోయించుకుంటే గిన్నె వంచి చిక్కదనం చూస్తాం. కానీ ఏళ్ళ తరబడి మనచేత మాత్ర మింగించే ఆ అంకె ఎలా వచ్చిందో మాత్రం ఎవరినీ అడగం. లాబొరేటరీవాళ్ళు కాగితం ఇస్తారు, మనం పర్సులో పెట్టుకుంటాం. ఈవేళ ఆ అంకె వెనక ఉన్న కథ మీకు చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటే, జుట్టు ఒత్తుగా పెరగాలని మనం మింగే ఒక చిన్న బిళ్ళ ఆ అంకెను తారుమారు చెయ్యగలదు. ఆ సంగతి మనకు తెలియకపోతే నష్టపోయేది మనమే.

మాది గంగవరం. చిత్తూరు నుంచి బెంగుళూరు పోయే దారిలో పలమనేరును ఆనుకుని ఉన్న ఊరు. మా వైపు పరీక్షల చరిత్ర చెప్పాలంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంతో మొదలుపెట్టాలి. డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్కు దేశస్థుడి పూనికతో 1912లో పుట్టిన క్షయ ఆస్పత్రి అది. మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైనదీ 1948లో మదనపల్లెలోనే. ఆ రోజుల్లో క్షయ ఉందో లేదో తేల్చడమంటే, రోగి కళ్ళెను గాజుపలక మీద పూసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో కళ్ళు చిట్లించుకుని క్రిమికోసం వెతకడమే. బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటి పని అన్నమాట. ఏరేవాళ్ళ కంటిచూపు, ఓపిక, ఇవే పరికరాలు.

ఇప్పుడు కుప్పంలో మెడికల్ కాలేజీ ఉంది, తిరుపతిలో స్విమ్స్ ఉంది, పక్క రాష్ట్రంలో వేలూరు ఉంది. చిన్న ఊళ్ళలో తీసిన రక్తం ఐసు పెట్టెలో పెద్ద ఊరికి ప్రయాణం కడుతుంది. ఫలితం మనకంటే ముందే మన సెల్‌ఫోనుకు వచ్చేస్తుంది. ఇంత తొందరగా ఏరుతున్నది ఎవరు? మనిషి కన్ను కాదు. కంటికి కనబడనంత చిన్న అయస్కాంతపు పూసలు. శాస్త్రజ్ఞులు వీటిని మాగ్నెటిక్ మైక్రోస్ఫియర్లంటారు. మనం పూసలనే అనుకుందాం.

ఈ ఏరడం ఎంత కష్టమో ముందు చూడండి. థైరాయిడ్ గ్రంథి చేత పని చేయించే మేస్త్రీ మన తలలోని పీయూష గ్రంథి. కింద పని మందకొడిగా సాగుతుంటే మేస్త్రీ గట్టిగా కేకలేసినట్టు, ఈ గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోనును ఎక్కువగా పంపుతుంది. అందుకే థైరాయిడ్ తగ్గినవాళ్ళకు టి.ఎస్.హెచ్. అంకె పెరుగుతుంది. సరే, అది రక్తంలో ఎంత ఉంటుంది? ఒక మిల్లీలీటరు సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేలే నీటిలో, 70 మిల్లీగ్రాముల దాకా రకరకాల మాంసకృత్తులుంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో టి.ఎస్.హెచ్. మాత్రం, ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం కంటే కూడా తక్కువే. గడ్డివాములో సూది అంటాం కదా, ఇది అంతకంటే కష్టం!

ఇలాంటి అతి కొద్ది పదార్థాలను కొలిచే దారి మొదట చూపించినది ఒక స్త్రీ అని చెప్పడానికి నాకు గర్వంగా ఉంది. న్యూయార్క్‌లోని ఒక ఆస్పత్రిలో పనిచేసిన రోజలిన్ యాలో, ఇద్దరు పిల్లల తల్లి, సోలమన్ బెర్సన్ అనే డాక్టరుతో కలిసి 1950లలో ఈ పని చేశారు. మన శరీరంలో ప్రతిరక్షకాలనేవి ఉంటాయి. వీటినే యాంటీబాడీలంటారు. ఒక్కొక్క ప్రతిరక్షకం ఒక్కొక్క పదార్థాన్నే గుర్తుపట్టి పట్టుకుంటుంది, తాళానికి తాళంచెవి లాగా. ఆ గుణాన్ని ఉపయోగించుకుని, రేడియో ధార్మికత ఉన్న అయొడిన్‌ను ఆనవాలుగా పెట్టి, ఇన్సులిన్ లాంటి హార్మోన్లను వారు కొలిచారు. 1977లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. వైద్యంలో ఆ బహుమతి అందుకున్న రెండో స్త్రీ ఆమె.

అయితే ఆ పద్ధతిలో రెండు చిక్కులుండేవి. ఒకటి, రేడియో ధార్మిక పదార్థంతో పని. రెండు, పట్టుబడినదాన్నీ పట్టుబడనిదాన్నీ వేరుచెయ్యడం ఆలస్యమయ్యే తంతు. ఈ రెండో చిక్కుకు పూసలు జవాబు చెప్పాయి.

ఈ పూసలు పుట్టినది నార్వే దేశంలో. ట్రాండ్‌హైమ్ పట్టణంలో జాన్ ఉగెల్‌స్టాడ్ అనే రసాయన శాస్త్ర ప్రొఫెసరుండేవారు. ఆయన తయారుచేసిన పూసలు పాలిస్టైరీన్‌తో చేసినవి. పెళ్ళిళ్ళలో స్టేజీ అలంకరణకు వాడే థర్మోకోల్ ఉంది చూశారూ, అదీ ఆ పదార్థమే. ఇక్కడ గొప్పతనం పదార్థంలో లేదు, పూసలన్నీ ఒకే సైజులో రావడంలో ఉంది. కొట్టులో సగ్గుబియ్యం కొంటే ఒక గింజ పెద్దది, ఒకటి చిన్నది. పాయసానికి పరవాలేదు గానీ కొలతకు అది పనికిరాదు. పూస పెద్దదైతే ఎక్కువ పట్టుకుంటుంది, చిన్నదైతే తక్కువ పట్టుకుంటుంది. అప్పుడు లెక్క కుదరదు.

కొంచెం పెద్ద పూసలను ఒకే సైజులో చెయ్యాలంటే భూమి మీద సాధ్యం కాదని ఆనాడు చాలామంది అనుకున్నారు. తయారవుతుండగానే అవి అడుగుకు దిగడమో పైకి తేలడమో జరిగి ఒకదానికొకటి అంటుకుపోయేవి. అందుకని అమెరికావాళ్ళు, బరువే తెలియని అంతరిక్షంలో చేద్దామని 1982లో కొలంబియా నౌకలో ఆ పరికరాన్ని పంపారు. అలా ఆకాశంలో తయారైన పూసలు 1985లో అమ్మకానికి వచ్చాయి కూడా. ఉగెల్‌స్టాడ్ మాత్రం అంతకుముందే, 1970ల చివర్లోనే, నేల మీదే ఆ పని సాధించారు. ఎలాగంటే, ముందు చాలా చిన్న గింజలను ఒకే సైజులో చేసుకున్నారు. తరువాత వాటిని రెండంచెల్లో నానబెట్టి, అన్నీ సమానంగా ఉబ్బేలా చేశారు. సగ్గుబియ్యం నానబెట్టే మనకు ఇది అర్థం కావడానికి కష్టం లేదు కదూ!

ఉబ్బిన పూసల నిండా సన్నటి రంధ్రాలుంచి, ఆ రంధ్రాల్లో ఇనుము ఆక్సైడ్ రేణువులు ఏర్పడేటట్టు చేసి, పైన ఇంకో పొర మూసేశారు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఒక రకం పూస అడ్డుకొలత 2.8 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందంలో సుమారు పాతికో వంతు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. మన కుట్టుపెట్టెలో గుండుసూదులు అయస్కాంతానికి చాలాసేపు అంటుకుని ఉంటే, తీసేశాక కూడా ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. ఈ పూసలు అలా కాదు. లోపలి ఇనుప రేణువులు మరీ చిన్నవి కావడంవల్ల, అయస్కాంతం దగ్గరకు తెస్తే పరుగెత్తి గోడకు అతుక్కుంటాయి, అది తియ్యగానే అయస్కాంత గుణం మరిచిపోయి మళ్ళీ విడివిడిగా నీళ్ళలో కలిసిపోతాయి. పట్టమంటే పట్టడం, వదలమంటే వదలడం! ఈ గుణం లేకపోతే అవి ముద్ద కట్టి ఎందుకూ కొరగాకుండా పోయేవి.

మొదటి రోజుల్లో ఈ పూసలు చేసిన ఒక పని వింటే తల్లులెవరికైనా గుండె కరుగుతుంది. పసిపిల్లలకు న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సరు వస్తుంది. దాని కణాలు ఎముకల్లోని మూలుగలోకి కూడా పాకుతాయి. గట్టి మందులిస్తే క్యాన్సరుతోపాటు మూలుగా నాశనమవుతుంది. అందుకని మందుకు ముందే బిడ్డ మూలుగను కొంత తీసి దాచి, తరువాత తిరిగి ఎక్కిస్తారు. కానీ దాచినదాంట్లోనే క్యాన్సరు కణాలు దాక్కుని ఉంటే? లండన్ డాక్టర్లు ఉగెల్‌స్టాడ్‌తో కలిసి, ఆ కణాలను గుర్తుపట్టే ప్రతిరక్షకాలను పూసలకు తగిలించి మూలుగలో కలిపారు. పూసలు క్యాన్సరు కణాలను పట్టుకున్నాయి. అయస్కాంతం పూసలను పట్టుకుంది. శుభ్రపడిన మూలుగ మిగిలింది. ఈ పద్ధతిని వారు 1984లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు.

అక్కడినుంచి పూసలు చాలా చోట్లకు చేరాయి. పాలలో, మాంసంలో విషక్రిములున్నాయేమో చూడటానికి, తాగే నీళ్ళలో పరాన్నజీవుల్ని పట్టడానికి వీటిని వాడుతున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు, ముక్కులోంచి దూదిపుల్లతో తీసిన నమూనాలో వైరస్ ఆర్.ఎన్.ఏ.ను ఏరడానికి ఎన్నో ప్రయోగశాలల్లో ఇలాంటి అయస్కాంతపు పూసలే పనిచేశాయి, వాటి పైపూత వేరు. పూసలకూ రసాయనాలకూ కరువు వచ్చిన ఆ రోజుల్లో మన హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, ఏరే మెట్టే అక్కరలేని పొడి పుల్ల పద్ధతిని తయారుచేస్తే, అదే ఏడాది నవంబరులో ఐ.సి.ఎం.ఆర్. దానికి ఆమోదం తెలిపింది.

ఇక మన థైరాయిడ్ సంగతికి వద్దాం. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి.

చాలా యంత్రాల్లో పరీక్ష ఇలా జరుగుతుంది. మన సీరం చుక్కలో రెండు రకాల ప్రతిరక్షకాలు వేస్తారు. రెండూ టి.ఎస్.హెచ్.నే పట్టుకుంటాయి, ఒకటి ఇటునుంచి, ఒకటి అటునుంచి. ఒకదానికి వెలుగునిచ్చే రసాయనం తగిలించి ఉంటుంది. రెండోదానికి బయోటిన్ అనే కొక్కెం ఉంటుంది. తరువాత పూసలు వేస్తారు. పూసల మీద స్ట్రెప్టావిడిన్ అనే పదార్థం పూసి ఉంటుంది. దానికి బయోటిన్ అంటే వల్లమాలిన ప్రేమ, పట్టిందంటే వదలదు. దీని చుట్టమే ఒకటి పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలో ఉంటుంది, గుడ్డు ఉడికిస్తే దాని పట్టు సడలిపోతుంది. సరే, పూస కొక్కేన్ని పట్టుకుంటుంది, కొక్కెంతోపాటు టి.ఎస్.హెచ్. వస్తుంది, దానితోపాటు వెలుగు రసాయనం వస్తుంది. కింద అయస్కాంతం పెట్టి పూసలను నిలబెట్టి, మిగతాదంతా కడిగేస్తారు. బియ్యం కడిగి కుడితి పారబోసినట్టే. చివరికి మిగిలిన పూసల దగ్గర ఎంత వెలుగు వచ్చిందో యంత్రం కొలుస్తుంది. వెలుగు ఎక్కువైతే టి.ఎస్.హెచ్. ఎక్కువ, తక్కువైతే తక్కువ. ఇదంతా నిమిషాల్లో అయిపోతుంది.

చూడటానికి ఎంత ముచ్చటగా ఉంది! మరి చిక్కెక్కడ? ఆ బయోటిన్ దగ్గరే. బయోటిన్ ఒక విటమిన్. మనకు రోజుకు కావలసింది సుమారు 30 మైక్రోగ్రాములు. గుడ్లూ, పప్పులూ, వేరుశనగలూ తింటే అది దొరుకుతుంది. మా వైపు శెనక్కాయలంటాం, అవి తిన్నంతమాత్రాన ఏ పరీక్షా చెడదు, భయపడకండి. కానీ జుట్టుకూ గోళ్ళకూ అని షాపుల్లో అమ్మే మాత్రల్లో, మిఠాయిల్లా చప్పరించే బిళ్ళల్లో, 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు కూడా ఉంటుంది. 10 మిల్లీగ్రాములంటే రోజు అవసరానికి మూడువందల రెట్లకు పైమాటే.

అంత బయోటిన్ రక్తంలో తిరుగుతుంటే ఏమవుతుంది? పెళ్ళి పంక్తిలో పిలిచిన చుట్టాలకంటే ముందు పిలవనివాళ్ళు వచ్చి విస్తళ్ళ ముందు కూర్చున్నట్టు, పూసల మీది చోట్లన్నీ ఆ మాత్రలోని బయోటిన్ ఆక్రమిస్తుంది. టి.ఎస్.హెచ్.ను మోసుకొచ్చిన కొక్కేనికి చోటు ఉండదు. కడిగినప్పుడు అది కొట్టుకుపోతుంది. వెలుగు తగ్గుతుంది. యంత్రం నిజాయితీగానే "టి.ఎస్.హెచ్. తక్కువ" అని అచ్చువేస్తుంది. ఇంకో విచిత్రం, టి-4 అనే రెండో పరీక్ష తిరగేసిన పద్ధతిలో జరుగుతుంది. అక్కడ వెలుగు తగ్గితే అంకె పెరుగుతుంది. అంటే ఒకేసారి టి.ఎస్.హెచ్. తక్కువ, టి-4 ఎక్కువ. కాగితం చూసిన ఎవరికైనా థైరాయిడ్ అతిగా పనిచేస్తోందనే అనిపిస్తుంది.

ఇప్పుడు ఒక ఇల్లాలిని ఊహించుకోండి. ఆమెకు నిజానికి థైరాయిడ్ తక్కువ. దానివల్ల జుట్టు రాలుతోంది. పక్కింటావిడ చెప్పిందని జుట్టు బిళ్ళ మొదలుపెట్టింది. పరీక్షలో టి.ఎస్.హెచ్. బాగా తగ్గినట్టు వచ్చింది. డాక్టరుగారు థైరాయిడ్ మాత్ర తగ్గించారు. నెల గడిచేసరికి నీరసం పెరిగింది, జుట్టు ఇంకా రాలింది. ఆమె ఏం చేస్తుంది? ఇంకో బిళ్ళ ఎక్కువ వేసుకుంటుంది! ఇందులో డాక్టరు తప్పు లేదు, యంత్రం తప్పు లేదు, ఆమె తప్పూ లేదు. చెప్పవలసిన ఒక్క ముక్క ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, అంతే. అదే ఇల్లాలు గర్భిణి అయితే, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి థైరాయిడ్ మీద ఆధారపడి ఉంటుంది కనుక, ఆ తప్పు అంకె ఖరీదు మరీ ఎక్కువ.

ఇది కల్పించి చెబుతున్న భయం కాదు. అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ ఎఫ్.డి.ఏ. 2017 నవంబరులో డాక్టర్లకూ ప్రజలకూ ఈ విషయమై హెచ్చరిక జారీచేసింది. గుండెపోటును తేల్చే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇదే బాపతు. ఎక్కువ మోతాదులో బయోటిన్ వాడుతున్న ఒక రోగికి ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపించిందనీ, ఆ రోగి మరణించారనీ ఆ సంస్థ తెలియజేసింది. ఆ తరువాత కొన్ని కంపెనీలు తమ పరీక్షలను బయోటిన్‌కు తట్టుకునేలా మార్చాయి. కొన్ని యంత్రాల్లో మొదటినుంచీ ప్రతిరక్షకాన్ని నేరుగా పూసకే అతికిస్తారు గనుక వాటికి ఈ బాధ లేదు. కానీ మన రక్తం ఏ యంత్రంలోకి వెళుతుందో మనకు తెలియదు కదా. అందుకని జాగ్రత్త మన చేతిలో ఉండాలి.

ఆ జాగ్రత్త పెద్ద కష్టం కాదు. మీరు వాడే బిళ్ళల డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. బయోటిన్ అనో, విటమిన్ బి-7 అనో, విటమిన్ హెచ్ అనో ఉంటే గుర్తుపెట్టుకోండి. "ఏమేం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగితే మనం బి.పి. మాత్రా, షుగరు మాత్రా చెబుతాం గానీ జుట్టు బిళ్ళను మందుగా లెక్కవెయ్యం. ఇకమీదట దాన్నీ చెప్పండి. థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలని అమెరికా థైరాయిడ్ నిపుణుల సంఘం సలహా. మోతాదు బాగా ఎక్కువైతే ఇంకొంచెం ముందే ఆపాలేమో డాక్టరును అడగండి. అయితే పుట్టుకతో వచ్చే కొన్ని లోపాలకు పిల్లలకు బయోటిన్‌నే మందుగా ఇస్తారు. అలాంటివాళ్ళకు డాక్టరును అడక్కుండా ఒక్క పూట కూడా మానిపించకూడదు. గుండెనొప్పి వస్తే మాత్రం రెండు రోజుల లెక్కలు చూడవద్దు, వెంటనే ఆస్పత్రికి పోయి, బయోటిన్ వాడుతున్న సంగతి అక్కడి డాక్టరుకు చెప్పండి. ఒంట్లో బాధ ఒకటీ కాగితంలో అంకె ఒకటీ చెబుతుంటే, పరీక్ష మళ్ళీ చేయించమంటారా అని అడగడానికి మొహమాటపడకండి.

ముగించేముందు ఇంకొక్క మాట. వైద్యంలో అయస్కాంతాలు పనిచేస్తున్నాయని చెప్పాను గదా అని, అయస్కాంతపు గాజులు, పరుపులు, నీళ్ళ చెంబులు కొనడానికి బయలుదేరకండి. మన రక్తంలో ఇనుము ఉన్నమాట నిజమే గానీ, గాజుకు పెట్టిన అయస్కాంతం లాగేసే ఇనుప రజను కాదు అది. నేను చెప్పిన పూసలు పనిచేసేది ఒంట్లో కాదు, ఒంటి బయట, పరీక్షగొట్టంలో. మందును పూసల్లో పెట్టి అయస్కాంతంతో జబ్బు ఉన్నచోటికే నడిపించాలని 1970లనుంచీ ప్రయోగాలు చేశారు, కానీ మామూలు వైద్యంలో అది ఇంకా వాడుకలోకి రాలేదు.

మన చేతినుంచి తీసిన రెండు మిల్లీలీటర్ల రక్తం కోసం ఇంతమంది శాస్త్రజ్ఞులు ఇన్నేళ్ళు కష్టపడ్డారు. పూస తన పని తను చేస్తుంది. రెండు రోజులు బిళ్ళ ఆపి, ఒక్క మాట నోరు తెరిచి చెప్పడం మన వంతు. ఈ మాట మీ అక్కచెల్లెళ్ళకూ, కాలేజీకి పోయే మీ ఆడపిల్లలకూ కూడా చెప్పండి. జుట్టు బిళ్ళలు ఎక్కువగా వాడుతున్నది వాళ్ళే.